ప్రాజెక్టు కొనడమెందుకు, మీ చేను ఉందిగా!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ డిగ్రీ పిల్లలవే, అందులోనూ లైఫ్ సైన్సెస్ ప్రాజెక్టుల గోలే. కాబట్టి మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి.

ప్రశ్న: సార్, మేం బీఎస్సీ బాటనీ ఫైనలియర్, నలుగురం ఒక గ్రూపు. మా సీనియర్లు బెంగళూరులో ఎవరికో డబ్బు కట్టి రెడీమేడ్ ప్రాజెక్టు తెచ్చుకున్నారు, ఏదో నానోపార్టికల్స్ అని పేరు కూడా ఘనంగా ఉంది. మా ల్యాబులో మైక్రోస్కోపు, ఆటోక్లేవు, ఇంక్యుబేటరు తప్ప చెప్పుకోదగ్గవి ఏమీ లేవు. ముగ్గురం శెనక్కాయ రైతుల పిల్లలమే. మేం ఏం చేయగలం?
— ఒక విద్యార్థిని, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఆ బెంగళూరు సంగతి వదిలేయమ్మా. కొన్న ప్రాజెక్టు బండారం వైవాలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది, ఎగ్జామినర్ ఊరుకున్నాడంటే తెలియక కాదు, మొహమాటం కొద్దీ. పైగా నాలుగు నెలల సమయం పోయి చేతికి ఏ పనీ రాదు.

మీ చేనులోనే ఎంత కథ ఉందో మీ నాయనను అడుగు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో శెనక్కాయ మొక్కలు చిగుళ్లు మాడి, కాండం నల్లబడి చచ్చిపోయాయి. సుమారు రెండుంపావు లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. చూడటానికి పాత మొవ్వుకుళ్లు తెగులులాగే ఉంది గానీ పరీక్షిస్తే వేరే వైరస్ అని తేలింది, పేరు టొబాకో స్ట్రీక్ వైరస్. అది ఎక్కడ దాక్కుందంటే గట్ల మీద, రోడ్ల పక్కన తెల్లగా పూసే వయ్యారిభామలో. ఆ మొక్కకి రోగం పైకి కనబడదు, కానీ దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది, ఆ పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుంటుంది, అవి శెనక్కాయ ఆకును గీకి రసం పీల్చేటప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. వైరస్ టెస్టు మీ కాలేజీలో అయ్యే పని కాదు. కానీ వయ్యారిభామకూ శెనక్కాయకూ మధ్య ఇంకో లెక్క ఉంది, దాన్ని మీరు తేల్చవచ్చు.

వయ్యారిభామ ఆకుల్లో పక్క మొక్కల మొలకను అణిచే పదార్థాలుంటాయి, పార్థెనిన్ వాటిలో ఒకటి. ఆకులు నీడన ఆరబెట్టి పొడి చేసి, 10 గ్రాముల పొడి 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రోజు నానబెట్టి వడగట్టండి. దాన్ని సగానికి, పావుకి పలచన చేస్తే మూడు మోతాదులు, ఉత్త డిస్టిల్డ్ వాటర్ నాలుగోది, అదే కంట్రోలు, అంటే మిగతావాటిని పోల్చి చూసుకునేది. ఒకే రకం, ఒకే లాటు విత్తనాలు తీసుకోండి, ఎందుకంటే కొన్ని రకాల కొత్త కాయలకు నిద్రావస్థ ఉంటుంది, రెండు లాట్లు కలిపితే మొలవనిది రసం వల్లో నిద్ర వల్లో ఎవరికీ తెలియదు. రోజూ ఎన్ని మొలిచాయో రాసుకుని, వారం తర్వాత వేరు పొడవు స్కేలుతో కొలవండి. ఆకు కోసేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి, చాలామందికి దద్దుర్లు వస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లు అసలు దాని జోలికి పోవద్దు.

ఎక్కువ గ్రూపులు తప్పు చేసేది తర్వాతి మెట్టులో. ఒక పెట్రి డిష్‌లో ఐదు గింజలు పెట్టి "ఐదు శాంపిళ్లు సార్" అంటారు. కాదు, అది ఒకటే శాంపిలు. ఒకే ఇంట్లో ఐదుగురిని అడిగి ఊరంతా సర్వే చేశామన్నట్టు ఉంటుంది. ఆ డిష్‌కి తడి ఎక్కువైనా, బూజు పట్టినా ఐదూ కలిసే దెబ్బతింటాయి కదా. మోతాదుకి కనీసం ఐదారు డిష్‌లు పెట్టి, ఇంక్యుబేటరులో వాటి చోటును చీటీలు తీసి నిర్ణయించండి, అన్ని కంట్రోళ్లూ పై అరలో పెట్టేయకుండా. మంచి ఎగ్జామినర్ అయితే ఇంకోటి అడుగుతాడు: మొలక తగ్గింది విషం వల్లా, లేక చిక్కటి రసంలోంచి గింజ నీళ్లు పీల్చుకోలేకనా అని. దానికి మీ దగ్గర ఇంకో కంట్రోలు ఉండాలి. అదేమిటో నేను చెప్పను, మీ మేడంతో కూర్చుని ఆలోచించండి, ప్రాజెక్టులో అసలు రుచి అక్కడే ఉంది.

ఇది వద్దనుకుంటే బోరు కింద రబీ శెనక్కాయ ఉన్న చేను చూసుకోండి. విత్తిన నెలన్నరకి మొక్కను పీకకుండా పారతో మట్టి గడ్డతో సహా తీసి, బకెట్లో నానబెట్టి కడిగి, వేరు బుడిపెలు లెక్కపెట్టి కోసి చూడండి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే లెగ్‌హిమోగ్లోబిన్ అనే ఎర్ర పదార్థం ఉన్నట్టు, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే పని జరుగుతున్నట్టు. యూరియా గట్టిగా వేసిన చేనులో బుడిపెలు తగ్గాయా అన్న ఒక్క ప్రశ్న చాలు మీ నలుగురికీ. అయితే అలాంటి చేను ఒకటి, ఇలాంటిది ఒకటి చూస్తే సరిపోదు, పైన డిష్‌ల గురించి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది.

ప్రశ్న: తంగేడు ఆకు మిథనాల్ ఎక్స్‌ట్రాక్ట్‌తో ఈ.కోలై మీద యాంటీబ్యాక్టీరియల్ టెస్టు చేశాం, డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం (జోన్) వస్తుందేమోనని. జోన్ రాలేదు. మళ్లీ చేసినా రాలేదు. ఫ్రెండ్సేమో 12, 14 మిల్లీమీటర్లని ఏదో ఒకటి వేసేయమంటున్నారు. జోన్ రాకపోతే ప్రాజెక్టు ఫెయిలేనా సార్? చాలా టెన్షన్‌గా ఉంది.
— మైక్రోబయాలజీ విద్యార్థి, కడప

జవాబు: ఫెయిల్ కాదు నాయనా, అంకెలు వేసేస్తే మాత్రం ఫెయిలే, మార్కులు ఎన్ని వచ్చినా సరే. జోన్ రాలేదు అన్నది కూడా రిజల్టే, కానీ దాన్ని నమ్మించాలి.

అదే ప్లేటులో యాంటీబయాటిక్ డిస్క్ పెట్టావా? దానికి జోన్ వచ్చి నీ ఆకుకి రాకపోతే టెస్టు బాగానే పనిచేసినట్టు. దానికీ రాకపోతే తప్పు ఆకుది కాదు, మీడియానో, కల్చరో, పాతబడిన డిస్కో చూసుకోవాలి. ఉత్త మిథనాల్ వేసి ఆరబెట్టిన డిస్క్ కూడా పక్కన ఉండాలి, ఎందుకంటే సరిగ్గా ఆరని మిథనాల్ తనే బ్యాక్టీరియాను చంపుతుంది. జోన్ వచ్చిందని సంబరపడే రిపోర్టుల్లో ఈ ఒక్క డిస్క్ లేనివి ఎన్ని చూశానో!

ఇక జోన్ రాలేదంటే ఆకులో ఏమీ లేదని కూడా కాదు. నీళ్లలో కరగని పదార్థాలు ప్లేటులోని అగార్ జెల్లీలో సరిగా కదలవు, డిస్క్ కిందే కూర్చుంటాయి. ఈ.కోలై గ్రామ్ నెగటివ్, దాని బయటి పొర చాలావాటిని లోపలికి రానివ్వదు. అందుకే ల్యాబులో ఉండే నిరపాయమైన బాసిల్లస్ సబ్టిలిస్ లాంటి, ఆ బయటి పొర లేని గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా మీద కూడా ఒకసారి వేసి చూడు. ఆసుపత్రి నుంచి రోగుల కల్చర్ తెస్తామనే ఉత్సాహవంతులు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు, వద్దని చెప్పు. పనయ్యాక ప్లేట్లు 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే పారేయాలి, నేరుగా చెత్తబుట్టలోకి కాదు.

ప్రశ్న: మా పాప సెకండియర్ జువాలజీ. సమ్మర్‌లో బెంగళూరులోనో హైదరాబాదులోనో రీసెర్చ్ ట్రైనింగ్ ఉంటుందని అంటోంది. డబ్బు కట్టాలా? ఒక్కదాన్నే పంపొచ్చా?
— ఒక తండ్రి, కర్నూలు

జవాబు: కట్టడం కాదండీ, వాళ్లే ఇస్తారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు, అంటే బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలో ఉన్నవి, కలిసి సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ నడుపుతాయి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండూ రైలు చార్జీలూ ఇస్తారు. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ అనే పరిశోధన సంస్థకి ఇలాంటిదే వేరే ప్రోగ్రాం ఉంది. దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు, మార్చిలో నిద్ర లేస్తే లాభం లేదు. ఏ ఇయర్ వాళ్లు అర్హులో ఆ ఏడాది ప్రకటనలో చూడండి. తనకు ఏం నేర్చుకోవాలని ఉందో పాపే సొంతంగా ఒక పేజీ రాయాలి, లెక్చరర్ సిఫారసు లేఖ కావాలి. పంపండి, భయం అక్కర్లేదు, వసతి ఎక్కడో ముందే ఫోన్ చేసి కనుక్కుంటే చాలు. అది రాకపోతే నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం మీకు దగ్గరే, ప్రిన్సిపాల్ లెటర్‌తో వెళ్లి అడగడంలో తప్పులేదు.

ప్రశ్న: మేం ఐదుగురు అమ్మాయిలం, కలివికోడి మీద ప్రాజెక్టు చేయాలని ఉంది. మా జిల్లా పక్షి కదా!
— జువాలజీ విద్యార్థినులు, కడప జిల్లా

జవాబు: మీ ఉత్సాహానికి దండం తల్లీ, కానీ కుదరదు. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో సిద్దవటం దగ్గర మళ్లీ కనబడింది, ఆ తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. రాత్రిపూట తిరిగే పక్షి, తుప్పల మధ్య ఉంటుంది, ఏళ్లకేళ్లు వెతికినవాళ్లకే దొరకదు. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ అడుగు పెట్టకూడదు, ఒక సెమిస్టర్‌లో ఆ అనుమతి వస్తుందని నేను చెప్పలేను.

ఇంకో మాట. అరుదైన జీవి ఎక్కడ కనబడినా లొకేషన్ స్టేటస్‌లో పెట్టొద్దు. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికి, 1899లో శాస్త్రీయ నామం పెట్టించుకున్న నీలం సాలీడు సంగతి చూడండి, పేరు గుత్తిది గానీ అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. పెంచుకునేవాళ్ల మోజు దాన్ని వెంటాడుతూనే ఉంది.

మీకు పనికొచ్చేది కాలేజీ ఆవరణలోనే ఉంది. వేప, చింత, కానుగ చెట్లకు నంబర్లు వేసుకుని, వారం వారం చిగురు, పూత, కాయ ఎంతుందో రాయండి. సీజన్‌వాచ్ అనే దేశవ్యాప్త కార్యక్రమంలో మీ లెక్కలు కలపొచ్చు. పూత మీదకి ఏ పక్షులు, ఏ తేనెటీగలు వస్తున్నాయో ఒకే గంటలో, ఒకే తీరున లెక్కపెడితే ఐదుగురికీ సరిపోయినంత పని.

ప్రశ్న: కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో ఊళ్లో ఆడవాళ్ల రక్తం తీసి హిమోగ్లోబిన్ చూడొచ్చా? రిపోర్టును ఒక జర్నల్‌వాళ్లు మూడు రోజుల్లో అచ్చేస్తామంటున్నారు, ఫీజు అడుగుతున్నారు.
— ఒక విద్యార్థి, ఆదోని

జవాబు: సూది పట్టొద్దు. మనుషుల రక్తం తీయాలంటే ఎథిక్స్ కమిటీ ఆమోదం, శిక్షణ ఉన్నవాళ్లు, రాతపూర్వక అంగీకారం అన్నీ ఉండాలి. ఆహారపు అలవాట్లు, ఐరన్ మాత్రలు ఎందుకు మానేస్తున్నారు అన్నది ఇష్టపడినవాళ్లనే అడిగి, పేర్లు రాయకుండా లెక్క తీయి. దానికి కూడా ముందు మీ లెక్చరర్ ఒప్పుకోవాలి. ఊరి ఏఎన్ఎం గారిని కలిస్తే ప్రశ్నలు ఎలా అడగాలో ఆవిడే నేర్పుతుంది. ఇక మూడు రోజుల్లో అచ్చేసేవాళ్లు నీ రిపోర్టు చదవరు, ఫీజు రశీదే చదువుతారు. ఆ డబ్బుతో పోస్టరు వేయించి పంచాయతీ ఆఫీసులో అంటించు.