శుక్రవారం గోళ్లు తీసుకునే పొరుగువారు

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్‌లో ఉద్యోగంలో చేరి, పక్కనే ఉన్న హైలండ్ పార్క్‌లో ఒక యూదు కుటుంబం ఇంటి పైవాటా అద్దెకు తీసుకున్న సోదరి ఒకరు, కింది వాటావారు శుక్రవారం మధ్యాహ్నం స్నానాలకూ గోళ్లు తీసుకోవడానికీ అంత హడావుడి పడి, శనివారం దువ్వెన కూడా ముట్టరెందుకని అడిగారు. శుక్రవారం గోళ్లు తీస్తే లక్ష్మి వెళ్లిపోతుందని అమ్మమ్మ చేత చీవాట్లు తిని పెరిగిన మనకు ఇది తలకిందుల వ్యవహారంగానే కనిపిస్తుంది.

వారి సబ్బాతు, అంటే వారానికొకసారి వచ్చే విశ్రాంతి దినం, శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం రాత్రి నక్షత్రాలు కనిపించే దాకా ఉంటుంది. ఆ వ్యవధిలో చేయకూడని పనులను మిష్నా అనే ప్రాచీన యూదు ధర్మశాస్త్ర సంకలనం 39 తరగతులుగా చెప్పింది. వాటిలో గొర్రెల ఉన్ని కత్తిరించడం ఒకటి. జుట్టు, గోళ్లు తీయడం దాని కిందికే వస్తాయి. గట్టి దువ్వెనతో దువ్వితే వెంట్రుకలు ఊడక తప్పదు కనుక అదీ కూడదు, మెత్తని బ్రష్‌తో పైపైన సర్దుకోవచ్చు. తడి జుట్టు పిండడం, పెదవులకు రంగు వేయడం వేరే తరగతుల కింద నిషిద్ధం. ప్రాణాపాయం ఏర్పడితే మాత్రం ఈ నిషేధాలేవీ అడ్డు రావు.

శనివారం జడ కూడా అల్లకూడదన్న సంగతి మేము అనుభవం మీద తెలుసుకున్నాం. మేమూ ఇలాగే ఒక యూదు కుటుంబం ఇంట్లో అద్దెకున్న తొలి ఏడాది, ఒక శనివారం ఉదయం ఇంటి యజమానుల చిన్నమ్మాయి జడ విడిపోయి మెట్ల మీద కూర్చుని ఉంటే, మా ఆవిడ అలవాటుగా వెనక కూర్చుని మూడు పాయలు తీయబోయింది. ఆ పిల్ల రెండు చేతులతో జుట్టు పట్టుకుని పక్కకు జరిగింది. మనం ముట్టుకుంటే వీళ్లకు పనికిరాదేమో అనుకుని మా ఆవిడ చాలా నొచ్చుకుంది. చీకటి పడ్డాక తల్లి పైకి వచ్చి, అల్లడాన్ని తాము కట్టడం కిందే లెక్కవేస్తామని వివరించి, దువ్వెన చేతికిచ్చి పిల్లను మా ఆవిడ ముందే కూర్చోబెట్టింది.

ఆచారం వేరు, గుణం వేరు అని మనవాళ్లు తేలికగా అంటారు. వీరి విషయంలో ఆ మాట నాకు సరిపడలేదు. తీసిన గోళ్లను కాల్చేవాడు భక్తిపరుడు, పాతిపెట్టేవాడు నీతిమంతుడు, పారేసేవాడు దుష్టుడు అని మిష్నా మీద చర్చల గ్రంథమైన తల్మూద్ అంటుంది. గర్భిణి వాటిని తొక్కితే కడుపు పోతుందన్నది అప్పటి భయం. ఆ భయాన్ని మనం నమ్మనక్కరలేదు కానీ, గోటి ముక్క దగ్గర కూడా ఎదుటి మనిషి కాలిని తలచుకోవడం నాకు నచ్చింది. 19వ శతాబ్దంలో లిథువేనియాలో రబ్బీ (యూదు మతగురువు) ఇస్రాయేల్ సలాంటర్ మొదలుపెట్టిన ముసార్ ఉద్యమం పట్టుబట్టింది కూడా ఇక్కడే: దైవభక్తి ఉన్నవాడు కోపాన్నీ అసూయనూ అణచుకోవడాన్ని విధుల్లాగే రోజూ సాధన చేయాలి.

యూదులందరూ ఇంత నిష్ఠ పాటించరు, శనివారం క్షవరానికి వెళ్లేవారూ ఉన్నారు. కాబట్టి పేరు చూసి ఊహించుకోకండి. మీ ఇంటి యజమానులు పాటించేవారే కనుక, అద్దె సంగతులూ కుళాయి మరమ్మతులూ గురువారానికే మాట్లాడుకోండి. సాధారణంగా సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే సబ్బాతు దీపాలు వెలిగిస్తారు, డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు వాలుతుంది. రెండు వాటాలకూ వేడినీళ్ల ట్యాంకు ఒక్కటే అయితే, మీ శుక్రవారం తలంటు ఉదయమే ముగించుకోండి.