పక్క స్టేషన్లు బయటుంటే సౌత్‌గేట్ ఒక్కటే భూమి లోపల ఎందుకు?
లండన్ శివారులోని సౌత్‌గేట్ ఊరు గుట్ట మీద ఉంది కాబట్టే దాని స్టేషన్ భూగర్భంలో ఉంది. లండన్ మెట్రో అయిన ‘అండర్‌గ్రౌండ్’లోని పికడిల్లీ లైన్‌లో అటూ ఇటూ ఉన్న ఆర్నోస్ గ్రోవ్, ఓక్‌వుడ్ స్టేషన్లు ఆరుబయటే. ఇక్కడ నేల పైకి లేవడంతో పట్టాలు గుట్టను తొలుచుకుని పోయాయి. కర్నూలు వైపు నుంచి గుంటూరు పోయే రైలు నల్లమలలో బొగద దగ్గర సొరంగంలో దూరుతుంది చూడండి, అలాగన్నమాట. కాకపోతే సౌత్‌గేట్‌లో సొరంగం మధ్యలో స్టేషన్ కట్టారు. ప్లాట్‌ఫాం ఉత్తరపు కొసన నిలబడితే బయటి వెలుతురు కనిపిస్తుంది.

1933లో తెరిచారు, డిజైన్ ఆర్కిటెక్ట్ చార్లెస్ హోల్డెన్‌ది. పైన గుండ్రటి టికెట్ హాలు, నడిమధ్య గొడుగు కర్రలా ఒకే స్తంభం. ఎస్కలేటర్ల వెంట కంచు దీపాలు ఇంకా ఉన్నాయి. అసలు అందం వాటిదే.

పేరు చూసి లండన్ అండర్‌గ్రౌండ్ మొత్తం భూమి కిందే అనుకుంటారు. సగానికి పైగా లైను నేల మీదే నడుస్తుంది.