మౌస్ పిల్లల చేతిలోనే ఉండాలి

ప్రశ్న: హైదరాబాద్ కంపెనీకి తెనాలిలో ఇంటి నుంచే పనిచేస్తున్నాను, మొదట్నుంచీ సాఫ్ట్‌వేర్ టెస్టింగే, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకునే పనే. మా దగ్గరి హైస్కూల్లో శనివారాలు ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు కోడింగ్ క్లబ్ పెడుతున్నారు, మెంటార్‌గా రమ్మని హెడ్మాస్టరు గారు అడిగారు. వెళ్లాలనే ఉంది గానీ నేను కోడ్ రాసి ఏళ్లయింది, పాఠం చెప్పిన అలవాటూ లేదు. పిల్లలు ఏదైనా అడిగితే తెల్లమొహం వేస్తానేమోనని టెన్షన్. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒప్పుకోండి, ఈ వారమే వెళ్లి చెప్పేయండి. కోడింగ్ క్లబ్ అంటే ట్యూషన్ కాదండీ. సిలబస్ ఉండదు, పరీక్ష ఉండదు. 2011లో ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో జేమ్స్ వెల్టన్ అనే కుర్రాడూ, బిల్ లియావ్ అనే వ్యాపారవేత్తా కలిసి కోడర్‌డోజో అనే పిల్లల కోడింగ్ క్లబ్బులు మొదలుపెట్టినప్పటి నుంచీ వాళ్ల పద్ధతి ఇదే: ఏడు నుంచి పదిహేడేళ్ల వయసు వాళ్లెవరైనా రావచ్చు, ఫీజు లేదు, సాయం చేసేవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. ఆ మరుసటి ఏడు బ్రిటన్‌లో కోడ్ క్లబ్ వచ్చింది. ఇప్పుడు రెండూ రాస్‌బెర్రీ పై ఫౌండేషన్ అనే బ్రిటన్ సేవాసంస్థ కిందే ఉన్నాయి, వాళ్ల ప్రాజెక్టులు ఉచితంగా దొరుకుతాయి కాబట్టి ఏం చెప్పాలా అని మీరు శుక్రవారం రాత్రంతా కూర్చోనక్కర్లేదు. డోజోల్లో, అంటే ఆ క్లబ్బుల్లో, ఇంకో అలవాటుంది, చిక్కొస్తే ముందు పక్కనున్న ముగ్గుర్ని అడగాలి, ఆ తర్వాతే మెంటార్ని. అంటే అన్నీ మీకే తెలిసుండాలని అక్కడ ఎవరూ అనుకోరు.

టెస్టింగ్ వాళ్లు అక్కడ ఎందుకు పనికొస్తారో చెప్తాను. ఏడో తరగతి పిల్లాడొకడు స్క్రాచ్‌లో, అదే అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో పిల్లల కోసం తెచ్చిన, ఆదేశాల బ్లాకుల్ని పేర్చుకుంటూ పోయే భాషలో, మామిడికాయ బుట్టలో పడే ఆట చేస్తున్నాడనుకోండి. స్క్రాచ్ తెర మధ్యలో సున్నా, పైకి 180, కిందికి మైనస్ 180. కాయ కింద పడాలంటే ఎత్తు మైనస్ 5 చొప్పున మారాలి. వాడు ఉత్త 5 పెడతాడు, కాయ పైకి పోయి అంచుకి అతుక్కుంటుంది. లెక్కల క్లాసులో మైనస్ అంటేనే బెదిరే పిల్లలు ఇక్కడ తమంతట తామే మైనస్ పెట్టి, కాయ రాలగానే కేక పెడతారు. తర్వాత స్కోరు. 'బుట్టకి తగిలితే ఒకటి కలుపు' అని పెట్టాడు గానీ స్కోరు సున్నా దగ్గరే కూర్చుంది. ఎందుకో మీకు చూడగానే తెలిసిపోతుంది. ఆట మొదలుపెట్టే జెండా నొక్కిన క్షణంలో ఒక్కసారి చూసి ఆగిపోతోంది, చెప్పిన పనిని ఆగకుండా మళ్లీ మళ్లీ చేయించే ఫరెవర్ బ్లాకు చుట్టూ లేదు.

అప్పుడు మీ చెయ్యి మౌస్ మీదికి వెళ్తుంది చూడండి, అక్కడ ఆపుకోండి. చేతులు వెనక్కి కట్టుకునైనా సరే ఆపుకోండి. "ఏం జరగాలనుకున్నావు? ఏం జరుగుతోంది?" అని అడగండి, రోజూ బగ్ రిపోర్టులో మీరు రాసే రెండు ముక్కలే. తర్వాత, "నువ్వే కంప్యూటర్‌వి అనుకో, ఒక్కో బ్లాకు మీదా వేలు పెట్టి చదువు" అనండి. వాడు చదువుతాడు, వేలు చివరికొచ్చేస్తుంది, కాయ ఇంకా పైనే ఉంటుంది. వాడి మొహం మారుతుంది. మీరు చేస్తే అర నిమిషం పని, వాడికి పది నిమిషాలు పట్టొచ్చు, పట్టనివ్వండి, క్లబ్ పెట్టింది ఆ పది నిమిషాల కోసమే. ఫరెవర్ పెట్టాక కొత్త తంటా వస్తుంది, కాయ బుట్టలోంచి జారుతున్నంత సేపూ స్కోరు టకటకా పెరుగుతుంది, ఒక్క కాయకే ఏడెనిమిది. తగలగానే కాయని మళ్లీ పైకి పంపెయ్యాలి. ఇదీ వాడే కనుక్కోవాలి.

తెలియనిది అడిగితే "నాకూ తెలీదు, రా చూద్దాం" అని వాళ్ల ముందే వెతకండి. మన బడుల్లో జవాబెప్పుడూ సార్ దగ్గరే ఉంటుందనుకుంటారు పిల్లలు, పెద్దవాళ్లు ఎలా వెతుకుతారో వాళ్లకి చూపించేవాళ్లే లేరు. ఇది వాళ్లకి చాలా అవసరమని నా గట్టి నమ్మకం.

మొదటి శనివారానికి ముందే ఒకసారి ల్యాబ్ తాళం తీయించి ఎన్ని కంప్యూటర్లు ఆన్ అవుతున్నాయో చూడండి. నెట్‌ని నమ్ముకోకుండా స్క్రాచ్ ఆఫ్‌లైన్ యాప్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఎక్కించండి, దానికి అకౌంటు కూడా అక్కర్లేదు. కరెంటు పోతే చేసిందంతా పోతుంది, కాబట్టి సేవ్ చేయడం తొలిరోజే అలవాటు చేయండి. ఇంకొకటి, దీన్ని మొహమాటం లేకుండా హెడ్మాస్టరు గారికి చెప్పండి: క్లబ్ జరిగినంత సేపూ బడి టీచరొకరు గదిలో ఉండాలి, పిల్లలకి మీ సొంత ఫోన్ నంబరు ఇవ్వరు, ఏ కబురైనా బడి ద్వారానే. ఇది మీ మీద అనుమానంతో కాదు, పిల్లలున్న చోట ఎవరికైనా ఇదే పద్ధతి.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కోడింగ్ క్లబ్‌కి ఎంతో ఇష్టంగా వెళ్లింది, ఇప్పుడు మానేస్తానంటోంది. కంప్యూటర్‌కి ముగ్గురట, మగపిల్లలు మౌస్ ఇవ్వకుండా "నువ్వు నోట్స్ రాయి" అంటున్నారట. మెంటార్‌ని అడిగితే "అందరూ కలిసే చేస్తున్నారు కదండీ" అన్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అది కలిసి చేయడం కాదండీ. ముగ్గురు కూర్చున్న చోట మౌస్ ఎవరి చేతిలో ఉంటే నేర్చుకునేది వాళ్లే, మిగతా ఇద్దరూ సినిమా చూసినట్టే. మెంటార్ చెడ్డవాడై ఉండడు, గది నిశ్శబ్దంగా ఉంటే అంతా బాగుందనుకునే రకం అయి ఉంటాడు. ఈసారి ఫిర్యాదులా కాకుండా ఒక పని చెప్పండి: పది నిమిషాలకోసారి గడియారం చూసి మౌస్ చేతులు మార్పించమనండి, మౌస్ పట్టుకున్నవాళ్లు పక్కవాళ్లు చెప్పిందే చేయాలి, సొంతంగా ఏదీ చేయకూడదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనూ ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని ఇలాగే పనిచేస్తారు, పెయిర్ ప్రోగ్రామింగ్ అంటారు, ఆ మాట అంటే ఆయనకి వెంటనే అర్థమవుతుంది. నోట్స్ రాసే పని అమ్మాయిలకి అంటగట్టడం మాత్రం ఆ రోజే ఆగాలి. ఇందులో "మెల్లగా చూద్దాం" అనడానికేం లేదు.

మీ అమ్మాయికి ఏం చేయాలని ఉందో కూడా అడగండి. అందరికీ బొమ్మలు పేల్చే ఆటలే ఇష్టం కానక్కర్లేదు. స్క్రాచ్‌లో మన గొంతు రికార్డు చేసి పెట్టొచ్చు, ఆ గొంతుతో బొమ్మ చేత తెలుగులోనే మాట్లాడించొచ్చు, నానమ్మ చెప్పే పొడుపు కథతో ఒక క్విజ్ చేసుకోవచ్చు. తనకంటూ ఒక పని ఉంటే మౌస్ అడగడానికి గొంతూ లేస్తుంది. వీలైతే ఒకటి రెండు శనివారాలు మీరూ వెళ్లి గదిలో కూర్చోండి. కోడింగ్ రాకపోయినా పర్లేదు, గడియారం చూడ్డానికి ఒక మనిషి దొరికితే ఆ మెంటార్‌కే సాయం. ఇన్ని చేశాకా మారకపోతే అప్పుడు మాన్పించండి, తప్పు పిల్లది కాదని మాత్రం తనకి స్పష్టంగా చెప్పండి.

ప్రశ్న: డబ్లిన్‌లో ఐటీ ఉద్యోగం. ఇక్కడి కోడర్‌డోజోలో మెంటార్‌గా చేరాలనుకుంటున్నాను. సీవీలో రాసుకోవడానికి పనికొస్తుందని కూడా ఆలోచన, తప్పా?
– ఒక పాఠకుడు, ఐర్లండ్

జవాబు: తప్పేం లేదు, రాసుకోండి. కాకపోతే అక్కడ పిల్లలతో పనిచేసేవాళ్లకి పోలీసు తనిఖీ, అంటే గార్డా వెట్టింగ్, తప్పనిసరి. అది మీ అంతట మీరు పెట్టుకునే దరఖాస్తు కాదు, సంస్థ ద్వారానే వెళ్లాలి, అందుకని ముందు మీ దగ్గరి డోజో నడిపేవాళ్లకి మెయిల్ రాయండి. ఆ తనిఖీ పూర్తయ్యేలోగా స్క్రాచ్‌లో రెండు ఆటలు మీరే చేసి చూసుకోండి, రోజూ జావా లాంటి పెద్ద ప్రోగ్రామింగ్ భాషలు రాసేవాళ్లు కూడా ఆ బ్లాకుల దగ్గర కాసేపు తడబడతారు. రావడం మొదలుపెట్టాక మాత్రం మానకండి, ప్రాజెక్టు సగంలో ఉన్న పిల్లలు కిందటి వారం సాయం చేసిన మనిషి కోసమే చూస్తుంటారు. సెలవుల్లో ఇండియా వస్తుంటే ఆ తేదీలు ముందే చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటారు.