కండెన్సేట్‌ని ల్యాప్‌టాప్‌లోనే సిమ్యులేట్ చేయగలిగితే ల్యాబ్ ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: బోస్–ఐన్‌స్టైన్ కండెన్సేట్‌కి (దాదాపు పరమ శూన్యానికి చల్లబరిస్తే పరమాణువులన్నీ ఒకే క్వాంటమ్ స్థితిలోకి చేరిన మేఘం) కోడ్ రాసి ఫలితం తెలుసుకోగలిగినప్పుడు లేజర్లు, వాక్యూమ్ ఛాంబర్లు పెట్టుకుని అంత తంటా ఎందుకు అని. రుబీడియం ల్యాబ్‌లో పనిచేశాను, ఇప్పుడు ఎక్కువగా కోడ్ రాస్తున్నాను కాబట్టి రెండు వైపులా చూసింది చెప్తాను.

కండెన్సేట్ ట్రాప్‌లో (అయస్కాంతాలతోనో కాంతితోనో పరమాణువుల్ని పట్టి ఉంచే చోటు) కుదురుగా ఉన్నంతవరకు మీరన్నది నిజమే. లక్ష పరమాణువులున్నా అన్నిటికీ కలిపి ఒకటే వేవ్ ఫంక్షన్ (క్వాంటమ్ స్థితిని వర్ణించే గణిత రూపం), అది కాలంతో ఎలా మారుతుందో లెక్కకట్టడానికి గ్రాస్–పిటయెవ్‌స్కీ సమీకరణం చాలు. కానీ గ్రిడ్ (లెక్క కోసం స్థలాన్ని విడగొట్టిన చిన్న గడులు) దగ్గర జాగ్రత్త. ఘన సెంటీమీటరుకు 10¹⁴ రుబీడియం–87 పరమాణువులుంటే హీలింగ్ లెంగ్త్ (కండెన్సేట్ సాంద్రత గణనీయంగా మారడానికి కావలసిన కనీస దూరం) సుమారు 0.27 మైక్రాన్లు, సుడి మధ్యలో ఉండే ఖాళీ కూడా దాదాపు అంతే ఉంటుంది, మేఘమేమో పదుల మైక్రాన్లు, అందుకని గ్రిడ్ అంతకంటే ముతకగా ఉంటే తెరమీద బొమ్మ ఎంత అందంగా వచ్చినా సుడుల గురించి అది చెప్పేది నమ్మడానికి లేదు. ముందు పరమాణువుల మధ్య బలాన్ని సున్నా చేసి గాసియన్ (గంట ఆకారం) వస్తోందా చూడండి, తర్వాత బాగా పెంచి థామస్–ఫెర్మీ ఆకారం (బోర్లించిన పారాబోలా) వస్తోందా చూడండి. రెండూ కుదిరాకే ముందుకెళ్లండి.

అసలు తేడా ఆప్టికల్ లాటిస్‌లో, అంటే లేజర్ కాంతితో వరసగా గుంటలు చేసి పరమాణువుల్ని అందులో ఉంచే ఏర్పాటులో తెలుస్తుంది. 2002లో మ్యూనిక్‌లో గ్రైనర్, బ్లాఖ్ బృందం లాటిస్‌ని లోతు చేస్తూ పోతే ఇంటర్‌ఫియరెన్స్ శిఖరాలు (పరమాణువుల తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి ఫొటోలో ఏర్పరిచే ప్రకాశవంతమైన చుక్కలు) మాయమయ్యాయి, లోతు తగ్గించగానే తిరిగొచ్చాయి. సూపర్‌ఫ్లూయిడ్ (పరమాణువులు గుంటల మధ్య స్వేచ్ఛగా కదిలే స్థితి) మాట్ ఇన్సులేటర్ (ఎక్కడివక్కడే ఇరుక్కుపోయే స్థితి) కావడమంటే అదే, ఒక్క వేవ్ ఫంక్షన్‌తో దాన్ని పట్టుకోలేం. పూర్తిగా లెక్కకడదామా అంటే, ఒక్కోటి రెండే స్థితుల్లో ఉండే 40 స్థానాలకే లక్ష కోట్ల పైన సంఖ్యలు, మెమరీ దాదాపు 17.6 టెరాబైట్లు, ఇంకొక్క స్థానం చేరిస్తే దానికి రెట్టింపు! ఒకే డైమెన్షన్‌లో అయితే డీఎంఆర్‌జీ (ముఖ్యమైన స్థితుల్ని మాత్రమే ఉంచుకుని లెక్కని తగ్గించే పద్ధతి) లాంటివి కొంతదూరం లాక్కొస్తాయి. 2012లో ట్రాట్స్‌కీ బృందం చేసిన ప్రయోగంలో మొదటి దశ ఈ లెక్కతో చక్కగా సరిపోయింది, లెక్క ఆగిపోయిన తర్వాత కూడా ప్రయోగం సాగింది. నాకు చాలా ఇష్టమైన ఫలితం ఇది, ఎందుకంటే అక్కడ పరమాణువులే కంప్యూటర్.

ఇక ల్యాబ్‌లో నేరుగా కనిపించేది నీడ మాత్రమే. ట్రాప్ ఆపేసి, మేఘాన్ని కొన్ని మిల్లీసెకన్లు కిందకి పడనిచ్చి, 780 నానోమీటర్ల కాంతి ఒక్కసారి వేసి కెమెరాతో తీస్తాం. వేడి మేఘం ఎక్కువసేపు వ్యాపిస్తే గుండ్రంగా అయిపోతుంది, కండెన్సేట్ మాత్రం ట్రాప్‌లో ఎటు ఇరుకుగా ఉందో అటే ఎక్కువ సాగుతుంది. ఎవాపొరేషన్ (వేడి పరమాణువుల్ని వదిలేస్తూ మిగిలిన మేఘాన్ని చల్లబరచడం) చివర్లో మధ్యలో ఆ సన్నటి శిఖరం లేచినప్పుడు కలిగే ఆనందం ఏ గ్రాఫ్‌లోనూ రాలేదు నాకు. ఫొటో తీయగానే ఆ మేఘం పోతుంది, మళ్లీ మొదటినుంచి చల్లబరచాలి, ప్రతిసారీ పరమాణువుల సంఖ్య కాస్త మారుతుంది. మీ కోడ్‌ని డేటాతో పోల్చేటప్పుడు ఆ హెచ్చుతగ్గుల్ని, కెమెరా రిజల్యూషన్‌ని కూడా అందులో పెట్టండి, లేకపోతే తేడా ఫిజిక్స్‌దా ఇమేజింగ్‌దా అన్నది తేలదు.