గ్లిసరాల్ ఆక్సిడేషన్ మధ్యలో ఆగిపోతే
బ్రో, ప్లాటినం-కార్బన్ (కార్బన్ పొడిమీద ప్లాటినం ఉన్న కేటలిస్ట్) మీద గ్లిసరాల్ మొదట్లో బాగానే ఆక్సిడైజ్ అయి తర్వాత కన్వర్షన్ (ఎంత గ్లిసరాల్ మారిందన్న లెక్క) కదలట్లేదన్నావు కదా, అప్పుడే కేటలిస్ట్ పారేయకు. ముందు ఆక్సిజన్ ఆపేసి నైట్రోజన్ పెట్టి అదే వేడిలో కాసేపు స్టిర్ చెయ్, ప్లాటినం మీద పేరుకున్న ఆక్సిజన్‌ని గ్లిసరాలే లాగేస్తుంది, మళ్ళీ ఆక్సిజన్ ఇచ్చాక రేటు లేచిందంటే అది ఓవర్ ఆక్సిడేషనే, అంటే ఆక్సిజన్ ఎక్కువై ప్లాటినమే కప్పుకుపోయింది, ఆక్సిజన్ ప్రెషర్ తగ్గించి నడుపు.

లేవలేదా, పీహెచ్ చూడు. బేస్ వెయ్యట్లేదన్నావు కాబట్టి నా అనుమానం ఎక్కువ దీనిమీదే, ఈ రియాక్షన్‌లో తయారయ్యే గ్లిసరిక్ యాసిడ్ లాంటివి ప్లాటినం సర్ఫేస్‌ని పట్టుకుని ఓ పట్టాన వదలవు. కొంచెం కాస్టిక్ సోడా వేస్తే సాల్ట్‌గా మారి దిగుతాయి, కాకపోతే ప్రోడక్ట్ కూడా సోడియం సాల్ట్‌గానే వస్తుంది, మళ్ళీ యాసిడ్ పోసి తీసుకోవాలి, అదో గోల.

అప్పటికీ కాకపోతే వేడిమీదే ఫిల్టర్ చేసి ఆ లిక్విడ్‌ని ఐసీపీకి (లిక్విడ్‌లో మెటల్ ఎంతుందో కొలిచే టెస్ట్) పంపు, ప్లాటినం కనిపిస్తే లీచింగ్, అంటే ప్లాటినం కరిగి లిక్విడ్‌లోకి పోతోంది, ఇక కడిగినా లాభం లేదు.