ఇంటిపేరు ఇంటి మీద ఉండాలి

మీరు అడిగింది: ఈ అక్టోబర్‌లో మాస్టర్స్ కోసం జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్తున్నారు, కొత్త ఊళ్లో కుదురుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది, ముందుగా ఏం చూసుకోవాలి అని.

నేను 2023 సెప్టెంబర్ చివర్లో ఖమ్మం నుంచి ఇదే ఊరికి వచ్చాను. కాగితాల లెక్కన కుదురుకోవడానికి రెండు నెలలు పట్టింది. మనసు లెక్కన మార్చి దాకా పట్టింది. మనసు సంగతి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ముందు కాగితాల సంగతి చెప్తాను. అందులో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది.

ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబర్ ఉండదు. అడ్రస్ అంటే వీధి పేరు, బిల్డింగ్ నంబర్, పిన్‌కోడ్, ఊరు, అంతే. లోపల పది ఫ్లాట్లుంటే కింద పది ఉత్తరాల పెట్టెలు, ఒక్కోదాని మీద ఇంటిపేర్లు. పోస్ట్‌మ్యాన్ ఆ పేరు చూసి వేస్తాడు, కనపడకపోతే వెనక్కి పంపేస్తాడు. మన దగ్గరలా ఫోన్ చేసి "మేడమ్, ఇల్లు ఎక్కడ?" అని అడగడం, కింది షాపులో ఇచ్చి వెళ్లడం ఉండదు.

నాకిది తెలీదు. బ్యాంక్ అకౌంట్ తెరిచాను. కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో పోస్టులో వస్తాయన్నారు. వారమైంది, రెండు వారాలైంది. రోజూ క్లాస్ నుంచి వచ్చి పెట్టె తెరిస్తే పిజ్జా కరపత్రాలు తప్ప ఏమీ లేవు. వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలనెలా వచ్చే డబ్బు ఆ బ్యాంకులో పడింది కానీ తీసుకునే దారి లేదు. ఇంటినుంచి తెచ్చుకున్న నగదు అయిపోతే నెల్లూరు సీనియర్ అన్న దగ్గర వంద యూరోలు అప్పు చేశాను. అమ్మ ఫోన్‌లో "పైసలున్నయా బిడ్డా?" అంటే "ఉన్నయమ్మా" అన్నాను. అబద్ధం కాదు, ఉన్నాయి, బ్యాంకులో.

చివరికి బ్యాంకుకెళ్లి అడిగితే రెండు కవర్లూ తిరిగొచ్చాయట. ఈ అడ్రస్‌లో అలాంటి మనిషి లేదని ముద్ర. ఇంటికొచ్చి నా ఫ్లాట్‌మేట్, జర్మన్ అమ్మాయి, తనకు చెప్పాను. తను ఒక్క క్షణం ఆలోచించి "పెట్టె మీద నీ పేరుందా?" అంది. కిందికెళ్లి చూశాం. తన ఇంటిపేరు, నాకు ముందు ఖాళీ చేసి వెళ్లినామె ఇంటిపేరు ఉన్నాయి. నాది లేదు.

మన తెలుగువాళ్లం ఇంటిపేరుని బడిలో చేరినరోజే ఒక అక్షరానికి కుదించేస్తాం. పెళ్లి శుభలేఖ మీద తప్ప పూర్తిగా రాసుకోం. నా ఇంటిపేరు ఇంగ్లీషులో పద్నాలుగు అక్షరాలు. వేలెడంత ఆ పట్టీలో పట్టలేదు. తను ఓపిగ్గా రెండు లైన్లుగా చిన్న అక్షరాలతో రాసి, కత్తిరించి, టేపుతో అంటించింది. కాలింగ్ బెల్ దగ్గర కూడా ఇంకో ముక్క. పిన్, కార్డు మళ్లీ అడిగితే ఈసారి వారంలో వచ్చాయి. ఆ పట్టీ ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెడితే నాన్న "మన ఇంటిపేరు జర్మనీ గోడెక్కింది" అని చుట్టాలందరికీ పంపారు.

బ్యాంకు ఒక్కటే కాదు, ఆ పెట్టెలోకి రావాల్సినవి చాలా ఉన్నాయి. హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు వస్తుంది. అడ్రస్ రిజిస్టర్ చేసుకున్నాక పదకొండంకెల టాక్స్ నంబర్ వస్తుంది. పార్ట్‌టైమ్ జాబ్‌లో చేరితే మొదట అడిగేది అదే. ఇంకా రేడియో-టీవీ ఫీజు ఉత్తరం వస్తుంది. మన ఇంట్లో టీవీ లేకపోయినా ఆ ఫీజు కట్టాల్సిందే. నేను కట్టినప్పుడు నెలకు 18.36 యూరోలు. అయితే అది మనిషికి కాదు, ఇంటికి. ముగ్గురుంటే ఒకరు కట్టి మిగతావాళ్లు పంచుకుంటారు. అడ్వర్టైజ్‌మెంట్ అనుకుని దాన్ని చెత్తబుట్టలో వేసినవాళ్లు నాకు తెలుసు, తర్వాత జరిమానాతో కలిపి కట్టారు.

అడ్రస్ రిజిస్ట్రేషన్‌ని ఇక్కడ అన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చేయించుకోవాలి. ఇంటి ఓనర్ సంతకం పెట్టిన ఫారం కావాలి. "రూమ్ ఇస్తాను కానీ రిజిస్ట్రేషన్ కుదరదు" అనేవాళ్ల దగ్గర రూమ్ తీసుకోకండి, ఎంత చవకైనా సరే. చూడకుండా అడ్వాన్స్ పంపకండి. డిపాజిట్ అయితే హీటింగ్ ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు మించి అడగకూడదని చట్టమే ఉంది. అపాయింట్‌మెంట్లు దొరకవు అని భయపెడతారు. నిజమే, కానీ పొద్దున్నే వెబ్‌సైట్ తెరిచి చూస్తే ఎవరో రద్దు చేసుకున్నవి కనిపిస్తుంటాయి. నాకలాగే దొరికింది.

బ్లాక్డ్ అకౌంట్ మొత్తం నా టైమ్‌లో ఏడాదికి 11,208 యూరోలు. 2024 సెప్టెంబర్ నుంచి 11,904, అంటే నెలకు 992. మీరు అప్లై చేసేటప్పుడు కొత్త అంకె ఒకసారి చూసుకోండి.

ఇక కిటికీ. నవ్వకండి, ఇది కూడా ముఖ్యమే. ఇక్కడి కిటికీ హ్యాండిల్ కిందికుంటే మూసినట్టు, పక్కకు తిప్పితే తలుపులా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే పైభాగం మాత్రం లోపలికి వాలుతుంది. మొదటిసారి నేను పైకి తిప్పి లాగితే కిటికీ మొత్తం ఊడి నా మీద పడుతోందనుకుని కేక పెట్టాను. రెండు చేతులతో పట్టుకుని నిలబడితే ఫ్లాట్‌మేట్ వచ్చి ఒక్క వేలితో మూసేసింది.

నవంబర్ వచ్చాక చలికి దాన్ని తెరవడం మానేశాను. లోపల అన్నం, సాంబారు, ఉతికిన బట్టలు హీటర్ పక్కన ఆరేయడం. జనవరిలో బీరువా జరిపి చూస్తే వెనక గోడ మీద అరచేయంత నల్లటి బూజు. డిపాజిట్ పోయిందనుకుని టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తొందరగానే చూశాం కాబట్టి తుడిచి మందు రాస్తే పోయింది. అప్పట్నుంచి రోజుకు మూడుసార్లు, కిటికీ బార్లా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు. సగం తెరిచి గంటలు గంటలు వదిలేస్తే లాభం లేదు, గోడలు చల్లబడతాయి, హీటింగ్ బిల్లు పెరుగుతుంది. పోపు పెట్టిన వెంటనే మాత్రం తప్పకుండా.

మనసు సంగతి కొంచెం. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. మొదటి ఆదివారం ఇంట్లో ఉప్పు లేక చప్పిడి పప్పు తిన్నాను. పెద్ద రైల్వే స్టేషన్‌లో కొన్ని షాపులు తెరిచి ఉంటాయని తర్వాత తెలిసింది. "విదేశం వెళ్లి మనవాళ్లతోనే తిరగొద్దు" అని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. ఆ చలికాలంలో శనివారాలు ముగ్గురు తెలుగమ్మాయిలం కలిసి వండుకుని తినకపోయుంటే నేను ఫిబ్రవరిలో టికెట్ కొనుక్కుని వచ్చేసేదాన్ని. కానీ జర్మన్ నేర్చుకోవడం ఆపకండి. కోర్సు ఇంగ్లీషులోనే ఉన్నా బేకరీలో పనికి వెళ్తే ఎవరూ ఇంగ్లీషులో రొట్టె అడగరు. నాకు మార్చిలో ఆ బేకరీ పని దొరికింది. రోజూ వచ్చే ఒక పెద్దాయన ఒకరోజు నేను చెప్పిన ధర సరిదిద్దకుండా డబ్బులిచ్చి వెళ్లిపోయారు. అంకెలు వాళ్లు తిరగేసి చెప్తారు, ఇరవై మూడుని మూడూ ఇరవై అంటారు. ఆరోజు మొదటిసారి తప్పు లేకుండా చెప్పానన్నమాట.

సామాను గురించి ఎక్కువ చెప్పను. చిన్న ప్రెషర్ కుక్కర్, అదనంగా ఒక కళ్లజోడు, కారం, పచ్చళ్లు తెచ్చుకోండి. బియ్యం, కందిపప్పు మోసుకు రాకండి, ఐసెన్‌బాన్ వీధి వైపు షాపుల్లో దొరుకుతాయి. చలికోటు ఇక్కడే కొనండి, మన దగ్గర కొన్నది ఇక్కడి జనవరికి ఆనదు.

రూమ్ కాంట్రాక్ట్ చేతికి రాగానే ఓనర్‌కి ఒక మెయిల్ పెట్టండి, పెట్టె మీదా బెల్ మీదా నా పేరు వేయించండి అని. స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయమనండి. పట్టకపోతే రెండు లైన్లు.