దప్పికే కాని నాన్నకు ఎన్ని నీళ్లు తాగించాలి?

“మా నాన్నకు 72 ఏళ్లు, ఎండాకాలంలో కూడా దాహం వేయడం లేదంటాడు. రోజుకు నాలుగు లీటర్లు బలవంతంగా తాగించమని బంధువులు అంటున్నారు, తాగించాలా?” అని అడిగారు. నీళ్లు ఇవ్వండి, కానీ ఆ నాలుగు లీటర్ల లెక్క వదిలేయండి. ఈ విషయంలో అటూ ఇటూ రెండు తప్పులూ చేసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. మూడేళ్ల కిందట మే నెలలో మా నాయన పొద్దున సంగటి తిని అరుగు మీద కూర్చుంటే సాయంత్రం దాకా చెంబు ముట్టేవాడు కాదు. అప్పటికి ఆయనకు 74. అడిగితే “దప్పి కాలేదులేరా” అనేవాడు. ఒకరోజు నన్ను మా చిన్నాయన పేరు పెట్టి పిలిచాడు. ఎండకు నీరసమేమో అనుకున్నాం. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే సోడియం, అంటే రక్తంలోని ఉప్పు లెక్క, 153 ఉంది. 135 నుంచి 145 మధ్య ఉండాలి. పాఠం చెప్పేది నేనే, ఇంట్లో పట్టుకోలేకపోయిందీ నేనే.

ఒంట్లో ఎన్ని లీటర్ల నీళ్లున్నాయో మెదడు నేరుగా కొలవదు. రక్తం ఎంత ఉప్పగా ఉందో చూస్తుంది. రక్తంలోని చాలా పదార్థాలు మెదడులోకి పోకుండా ఒక అడ్డు ఉంటుంది కదా, మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే భాగం దగ్గర ఒకటి రెండు చిన్న చోట్ల ఆ అడ్డు సరిగా ఉండదు. అక్కడి కణాలు రక్తాన్ని రుచి చూస్తున్నట్టే లెక్క. ఉప్పు కలిపిన మామిడి ముక్కలు నీరు వదిలి ముడుచుకున్నట్టు, రక్తం చిక్కబడితే ఈ కణాలు కూడా ముడుచుకుంటాయి. ఆ ముడుచుకోవడమే సిగ్నల్. ఒకటి రెండు శాతం తేడా వచ్చినా చాలు, దాని కిందే ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. అది కిడ్నీలో ఆక్వాపోరిన్ అనే నీటి తూములు తెరిపిస్తుంది. మూత్రంలో పోవాల్సిన నీరు మళ్లీ రక్తంలోకి వస్తుంది, మూత్రం పచ్చగా, కొంచెంగా వస్తుంది. (ఆ తూములను కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది.) ఇంకొంచెం చిక్కబడితే అప్పుడు దప్పిక. అంటే దప్పి అయ్యేసరికే కిడ్నీ పని మొదలుపెట్టేసి ఉంటుంది.

ఇంకో వింత చూడండి. ఎండలో వచ్చి చల్లటి కుండ నీళ్లు తాగితే నిమిషంలో ప్రాణం లేచొస్తుంది. ఆ నీళ్లు పూర్తిగా రక్తంలో కలవడానికి చాలా నిమిషాలు పడుతుంది. నోరు, గొంతు, పేగు పంపే కబురును నమ్మి మెదడు ముందే “ఇక చాల్లే” అనేస్తుంది. లేకపోతే పొట్ట పగిలేదాకా తాగుతూనే ఉండేవాళ్లం.

వయసు మీద పడితే ఈ దప్పిక మొద్దుబారుతుంది, కిడ్నీ కూడా నీటిని ముందంత గట్టిగా పట్టి ఉంచలేదు. కాబట్టి మీ నాన్నగారు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే ఆయనకు దప్పి కావడం లేదు.

ఇక నా రెండో తప్పు. నాయన ఇంటికి వచ్చాక భయంతో గంట గంటకూ గ్లాసు పట్టుకుని వెంటపడ్డాను. బీపీ ఉందని ఉప్పు కూడా బాగా తగ్గించేశాం. ఆయన వేసుకునే మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉందని నాకు తెలియదు. ఆ మందు మూత్రంలో ఉప్పును పోగొడుతుంది, పైన నేను ఉత్త నీళ్లు పోస్తున్నాను. మూడు వారాలకు మళ్లీ అదే తికమక, అదే తూలుడు. నీళ్లు చాలలేదని ఇంకో రెండు గ్లాసులు తాగించాను చూడండి, అదీ నా తెలివి! ఈసారి సోడియం 122. రక్తం పలచబడితే మెదడు కణాలు ఉబ్బుతాయి. పుర్రె లోపల ఉబ్బడానికి చోటెక్కడుంది? సోడియం పెరిగినా తగ్గినా బయటికి ఒకేలా కనిపిస్తుంది, రక్తపరీక్ష లేకుండా తేడా చెప్పలేం.

డాక్టరు మాత్ర మార్చి, నీళ్లకు ఒక కొలత చెప్పారు. గుండె, కిడ్నీ పరిస్థితిని బట్టి ఆ కొలత మనిషికో రకంగా ఉంటుంది, మాది చెబితే మీకు పనికిరాదు. నాయన చేతికి ఒక స్టీలు చెంబు ఇచ్చాం, పొద్దున రెండు, సాయంత్రం రెండు, మధ్యాహ్నం సంగటితో మజ్జిగ. దప్పి అయిందా అని అడగడం మానేశాం.

మీరు ముందు ఒక పని చేయండి. నాన్నగారికి బీపీ మాత్ర ఉంటే అట్ట వెనక చూడండి. మూత్రం ఎక్కువ చేసే మందు, అంటే హైడ్రోక్లోరోథయజైడ్ అనో క్లోర్‌థాలిడోన్ అనో ఉంటే, మాత్ర మీ అంతట మీరు ఆపకుండా, ఆ అట్ట తీసుకెళ్లి డాక్టరుకు చూపించి సోడియం పరీక్ష రాయమనండి. నీళ్ల లెక్క ఆ తర్వాత.